మేకు చేతిలో ఓడిన కుసి

నల్లరేగడి నేలలో ఇల్లు కట్టుకొన్నవారికి నేల కదలిక మొట్టమొదట తెలియునది తలుపు దగ్గరనే. వైశాఖ జ్యేష్ఠములలో నిలువున నెఱ్ఱెలు విచ్చి, తొలకరి చినుకులకు మరల ఉబ్బెడి ఆ నేల గోడలతోపాటు ద్వారబంధమును కూడ అటునిటు లాగుచుండును. ఆ లాగుడునకు మేకులతో బిగించిన మూల కొలది యేండ్లకే నోరు తెఱచును గాని, కుసి చెక్కి, బెజ్జములో దిగవేసి, అడ్డముగా వెదురుచీల కొట్టిన మూల కొంచెము వంగి, కొంచెము సర్దుకొని, తాతనాటి తలుపును మనుమని చేతికి అప్పగించును. ఒక కట్టడము గాని, ఒక వ్యవస్థ గాని పడిపోవుటకు సిద్ధముగా నున్నదని చెప్పవలసివచ్చినపుడు మనవారు నేటికిని ‘కూసాలు కదిలిపోయినవి’ అందురు. కూసమనగా కుసియే. మాట మిగిలినది, ఆ మాటను పుట్టించిన పని మాత్రము మన పల్లెలలో నానాటికి తఱిగిపోవుచున్నది.

ఈ విచారము నన్ను చాలకాలముగా వెన్నాడుచుండగా, గడచిన వేసవిలో గుంటూరులోని ఒక పనిశాలలో రెండు టేకుచెక్కల కొనలకు ఒక చిన్న యంత్రమును ఆనించి, గుక్క త్రిప్పుకొనునంతలో చెఱియొక బెజ్జము తొలిచి, నడుమ ఒక చిన్న బిళ్ళకు జిగురు పూసి దిగవేసి, రెంటిని ఒకటిగా చేసిన పని చూచితిని. జర్మనీదేశపు ఫెస్టూల్ సంస్థ 2006 ప్రాంతమున విపణిలోనికి తెచ్చిన ‘డొమినో’ యనెడి సాధనమది. సాధారణమైన బర్మా తన చుట్టు తాను తిరిగి గుండ్రని రంధ్రము చేయును. దీని ములికి తిరుగుటయే గాక కుడియెడమలకు ఊగుచుండును గనుక, కొనలు గుండ్రముగానుండు పొడుగుపాటి బెజ్జము పడును. అందులో దిగు కుసి ఏ చెక్కలోను భాగము గాదు. బీచి కొయ్యతో వేరుగా చేసిన బిళ్ళ. అది సగము ఒక చెక్కలోను, సగము మఱియొక చెక్కలోను ఇమిడి, బెజ్జము బల్లపఱుపుగా నుండుటచేత తిరుగుడు పడక నిలుచును. దీనిని విడికుసి యని పిలిచినచో తప్పుగాదనుకొందును.

విడికుసి మనకు క్రొత్తదని తలంచువారు ఒకసారి అమరావతి మహాచైత్యపు ప్రాకారశిలలను చెన్నపట్టణపు ప్రదర్శనశాలలో చూచి రావలెను. పలనాటి సున్నపురాతితో చెక్కిన ఆ వేదికయందు స్తంభమునకును స్తంభమునకును నడుమ మూడేసి అడ్డుపట్టెలుండెడివి. వానిపేరు సూచులు, అనగా సూదులు. స్తంభముల ప్రక్కలను కన్ను ఆకారముగా తొలిచి, అదే ఆకారము గల సూచి యొక్క రెండు కొనలను రెండు స్తంభములలో గ్రుచ్చి, తలపై ఉష్ణీషమను శిలను మోపి బిగించిరి. రాయి పగులునది, బరువైనది. దానికి ఇట్టి బంధము సహజమైనది గాదు. తరతరములుగా కఱ్ఱతో కంచెలు కట్టిన చేతులే రాతికి వచ్చినప్పుడు తమకు తెలిసిన బంధమును విడువలేకపోయినవని శిల్పచరిత్రకారులు చెప్పుదురు. మా కృష్ణాతీరపు వడ్రంగి విద్యకు ఆ రాళ్ళకంటె మిన్నయైన సాక్ష్యము నాకు కానరాదు. ఆ కఱ్ఱలు మన్నై పోయినవి, వాని అచ్చు రాతిలో నిలిచినది. ఇక సముద్రములకు ఆవల, టర్కీ తీరమున ఉలుబురున్ వద్ద మునిగిన క్రీ.పూ. 14వ శతాబ్ది నాటి ఓడయొక్క పలకలును విడికుసులతోనే కూర్చబడినవి. యంత్రము క్రొత్తది గాని బంధము క్రొత్తది కాదు.

పనిశాలలో నాతో కూడ నున్న ఒక వృద్ధుడైన వడ్రంగి, నాగళ్ళు, బండ్లు చేసి ఒంగోలు ప్రాంతపు రైతుల కళ్ళములలో మేర గింజలు కొలిపించుకొన్న తరమువాడు, ఈ పనిని చూచి పెదవి విఱచెను. “చెయ్యి చెయ్యని కుసికి బలముండదు బాబూ, చెక్క ఎటు పోతుందో చేతికే తెలుస్తుంది” అనెను. ఆయన మాటలో సగము నిజము. కొయ్య నారల వాటమును చూడక, పచ్చికొయ్యను ఎండుకొయ్యతో కలిపి, అంచునకు దగ్గఱగా బెజ్జము వేసినవానికి ఏ యంత్రమును సాయపడదు. మిగిలిన సగముతో నేను ఏకీభవింపజాలను. ఏలయన ఉలిని ఓడించినది ఈ యంత్రము గాదు. ట్రాక్టరు వచ్చి బండిని, నాగలిని ఇంటి ప్రక్కకు నెట్టినపుడు వడ్రంగి తలుపులకును బీరువాలకును మళ్ళెను; ప్లైవుడ్డు, రంపపుపొట్టు పలకలు వచ్చినపుడు ఆ బీరువా సైతము మరమేకుల పాలయ్యెను. చేతితో ఒక బెజ్జము తొలుచుటకు పట్టు అరగంటకు కూలి యిచ్చువారు లేరు. మేకునకు పట్టునది ఒక నిమిషము. కుసి యోడినది మేకు చేతిలో. ఆ మేకుతో సమానమైన వేగముతో కుసిని మరల చెక్కలోనికి తెచ్చు సాధనమును మనము శత్రువుగా చూచుట న్యాయము గాదని నా దృఢమైన అభిప్రాయము.

అయితే ఎచ్చట వాడవలెనో, ఎచ్చట వాడరాదో తెలియవలెను. చిన్న యంత్రము కూర్చు కుసులలో పెద్దది 10 మిల్లీమీటర్ల మందము, 50 మిల్లీమీటర్ల పొడవు గలది. అనగా ఒక్కొక్క చెక్కలో దిగునది 25 మిల్లీమీటర్లే. బీరువా చట్రమునకు, కుర్చీకి, బల్లకు, కిటికీ రెక్కకు అది చాలును. నులకమంచము మాట వేరు. నులక బిగించినకొలది పట్టెలు లోనికి లాగబడుచు, కోళ్ళ బెజ్జములపై పడు భారమును ఈ చిన్న బిళ్ళ ఓర్వదు. దానికి 140 మిల్లీమీటర్ల వఱకు పొడవుగల కుసులను దింపు పెద్ద యంత్రము కావలెను, లేదా ఉలియే కావలెను. ద్వారబంధమునకు మాత్రము నేను ఉలినే కోరుదును. నల్లరేగడిపై నిలుచు గుమ్మమునకు ఆరపార దిగిన కుసియు, దానికి అడ్డముగా చీలయు లేనిదే నా మనస్సు ఊరడిల్లదు.

వాడుకలోని మెలకువలు కొన్ని కలవు. వరుసలో మొదటి బెజ్జమును బిగువుగా వేసి, తక్కినవానిని మీట త్రిప్పి కొంచెము వెడల్పుగా వేసికొన్నచో, చెక్కలను అమర్చునపుడు వెంట్రుకవాసి తేడాలు సర్దుకొనును. పొట్టును పీల్చు గొట్టమును తగిలింపక పని చేసినచో బెజ్జము పూడుకొనిపోయి ములికి వేడెక్కును. అంతకంటె ముఖ్యముగా ఆ సన్నని పొడి ఊపిరితిత్తులలోనికి పోవును. మిరపయార్డులో బస్తా విప్పువాడు ముక్కునకు గుడ్డ కట్టుకొనును, ఏలయన ఘాటు వెంటనే తెలియును. కొయ్యపొడి అపకారము ఏండ్లకు గాని తెలియదు. అది క్యాన్సరుకారకమని వైద్యశాస్త్రము నిర్ణయించియున్నది. వానకాలమున బీచి బిళ్ళలు తేమను పీల్చి ఉబ్బి బెజ్జములో దిగవు గనుక, వానిని ఊరగాయవలె మూత బిగువైన జాడీలో భద్రపఱచుట మేలు. విదేశపు బిళ్ళలకై ఎదురుచూడక, బాగుగా ఎండిన గట్టికొయ్య తునకలను అదే మందమునకు చిత్రికపట్టి, అంచులు గుండ్రము చేసి మన పనివారే చేసికొనవచ్చును.

ఇక వెలమాట. అమెరికాలో వేయి డాలర్లకు పైబడిన ఈ సాధనము ఇచ్చటికి వచ్చునప్పటికి లక్షరూపాయల చెంతకు చేరును. 2023 సెప్టెంబరు 17న ఆరంభమైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకమున వడ్రంగికి పనిముట్లకై లభించునది 15,000 రూపాయలు. ఆ సొమ్ముతో మంచి ఉలులు, రంపము, ఒక చేతిబర్మా వచ్చును, ఇది రాదు. కాని అదే పథకమున 5 శాతము వడ్డీపై తొలివిడత లక్ష రూపాయల ఋణము గలదు. ఒక్కని తలపై లక్ష రూపాయల అప్పు పెట్టి, మిరప సొమ్ము చేతికి వచ్చు మాఘ ఫాల్గుణములలో తప్ప పెద్దపనులు దొరకని మా ప్రాంతమున ఏడాదంతయు దాని వడ్డీ కట్టుమనుట సరిగాదు. ఒక మండలములోని అయిదాఱుగురు వడ్రంగులు కలిసి ఒక యంత్రమును కొని, తమ పని లేనినాడు తక్కినవారికి దినపుటద్దెకు ఇచ్చుకొనవచ్చును. ట్రాక్టరును, రోటవేటరును గంటల లెక్కన అద్దెకు తెచ్చుకొనుట మన రైతునకు ఎన్నాళ్ళుగనో అలవాటే గదా. ఆ పథకము క్రింద ఇచ్చు శిక్షణలో, యంత్రము ముట్టనిచ్చుటకు ముందు, ఒక్క బెజ్జమునైనను ఉలితో తొలిపించి, ఒక్క కుసినైనను చేతితో చెక్కించి, రెంటిని కలిపి చూపించు నియమము పెట్టవలెనని అధికారులను కోరుచున్నాను. ఆ పాఠము చెప్పదగిన వృద్ధులు ఇంకను గుంటూరు, ప్రకాశము పల్లెలలో ఉన్నారు. నాకు ఆనాడు పెదవి విఱిచి చూపినవాడు వారిలో ఒకడు. ఆయన ఉలికి నేటికిని పదును పోలేదు.