పద్దుల పనికి పెద్ద పట్టము వలయునా?

రాజంపేటనుండి ఒక సోదరి వ్రాసిన యుత్తరము పదిదినములుగా నా బల్లమీదనే యున్నది. జవాబు వ్రాయకుండుటకు కారణ మశ్రద్ధ కాదు. ఆ యుత్తరములో ఆమె చేతిగాజుల ప్రసక్తి కలదు. కొమార్తెను ఎం.కాం. చదివించుటకై వానిని కుదువ పెట్టుదునా యని యడిగినది. ఒకరి గాజుల విషయమున మరియొకరు తొందరపడి సలహా చెప్పుట తగదు గదా!

సంగతి యిది. పిల్ల బి.కాం. ముగించినది, నూటికి అరువదిరెండు మార్కులు వచ్చినవి. ఏడాదిగా ఆ యూరనే ఒక ఆడిటరుగారి కార్యాలయమున పనిచేయుచున్నది. అరటి, బొప్పాయి వ్యాపారుల చిట్టాలును, మంగంపేట వైపు ముగ్గురాతి మిల్లుల లెక్కలును ఆమె చేతిమీదుగానే పోవుచున్నవట. తండ్రిగారు, “చదువు పెద్దదైనచో జీతమును పెద్దదగును, తిరుపతికి పంపి ఎం.కాం. చేయింతము” అనుచున్నారు. మేనమామ ఆ సొమ్ముతో పెండ్లి చేయుమనుచున్నాడు. పిల్ల మాత్రము, “నేనే ఆడిటరు నగుదును” అని కూర్చున్నది. “అక్కా, నేను చదువుకొన్నదానను గాను. ఎవరిమాట వినవలయునో మీరే చెప్పుడు” అని తల్లి వ్రాసినది.

తండ్రిగారి మాటలో సగము నిజ మున్నది. ఆ సగమును ముందుగా చెప్పెదను. జూనియర్ కళాశాలలో వాణిజ్యశాస్త్రము బోధింపవలయునన్న ఎం.కాం. లేనిదే వీలులేదు. డిగ్రీ కళాశాలకైనచో ఎం.కాం.లో సాధారణముగా నూటికి 55 మార్కులు తెచ్చుకొని, ఆపైన నెట్ వంటి పరీక్ష యందైనను నెగ్గవలయును, లేదా పరిశోధనచేసి డాక్టరు పట్టమైనను పొందవలయును. కావున పదిమంది పిల్లలయెదుట నిలిచి జమాఖర్చుల మర్మము విప్పిచెప్పుటయం దామెకు మక్కువ యున్నచో, గాజులు కుదువపెట్టినను తప్పులేదు. ఆ పట్టము ఆ పనికే పుట్టినది.

కాని పిల్ల కోరునది పాఠము చెప్పుట కాదు, పద్దులు చూచుట. ఈ రెండును ఒకే బడిలో నేర్చుకొను విద్యలుగా మనవారు భావింతురు. బ్యాంకులలోని గుమస్తా యుద్యోగములకు ఏదేని డిగ్రీ యున్న చాలును, ఎం.కాం. యున్నదని ఆ పరీక్షలో ఒక్క మార్కైనను అదనముగా వేయరు. వ్యాపారి సంగతి వేరుగా చెప్పవలసిన పనిలేదు. 2017 జూలై 1వ తేదీన జి.ఎస్.టి. వచ్చిన నాటినుండి, నెలనెల పత్రములు వేయువారికి సామాన్యముగా పదునొకండవ తేదీ యనియు, ఇరువదవ తేదీ యనియు రెండు గడువులు తలమీద వ్రేలాడుచున్నవి. ఆ తేదీకి ట్యాలీలో లెక్క సరిపోయినదా యని యజమాని యడుగును గాని, లెక్క వ్రాసిన పిల్ల యెన్ని యేండ్లు చదివినదని యడుగడు.

ఇక ఆడిటరు పని. 1949 నాటి చట్టముచే నేర్పడిన చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ పరీక్షలలో నెగ్గినవారికే ఆడిటు పత్రముమీద సంతకముచేయు నధికారము కలదు. ఎం.కాం. రెండుమార్లు చదివినను ఆ సంతకము రాదు. వాణిజ్యశాస్త్ర పట్టభద్రులకు నూటికి 55 మార్కులున్నచో ఆ సంస్థవారు మొదటి మెట్టగు ఫౌండేషను పరీక్షను మినహాయించి, తిన్నగా ఇంటర్మీడియేటులో చేర్చుకొందురు. మన పిల్లకు 62 వచ్చినవి. అనగా తలుపు ఇప్పుడే తెరచియున్నది. ఎం.కాం. చేసివచ్చినను తెరచునది ఆ తలుపే. ఒక మెట్టైనను పైకి కూర్చుండబెట్టరు. పైగా 2021లో యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషను చార్టర్డ్ అకౌంటెంటు పట్టమును ఎం.ఏ., ఎం.కాం. శ్రేణి చదువుతో సమానముగా నంగీకరించినది. సి.ఏ. యైనవారికి ఆ గౌరవము దక్కును, ఎం.కాం. వారికి సి.ఏ. గౌరవము దక్కదు. ఈ చిత్రమును తండ్రిగారికి తప్పక చదివి వినిపింపుడు.

ఈ దారి సుగమమని మాత్రము నే ననను. ఇంటర్మీడియేటున ఆరు పత్రములు, మూడేసి చొప్పున రెండు విభాగములు. ఒక్కొక పత్రమున 40 మార్కులకు తగ్గరాదు. మొత్తముమీద సగము రావలయును. పిమ్మట రెండేండ్లు ఆడిటరుకడ శిక్షణ. 2023లో వచ్చిన క్రొత్త పద్ధతికి ముందు అది మూడేండ్లుగా నుండెడిది. అటుపై తుదిపరీక్ష, మరల ఆరు పత్రములు. అన్నియు తిన్నగా సాగినను మూడేండ్లకు తక్కువ పట్టదు. తెలివిగల పిల్లలును రెండు మూడుసార్లు తప్పుట కలదు. మేనమామగారు వెనుకాడుటకు కారణము ఇదియే యైనచో ఆయనను నేను నిందింపజాలను.

ఒక్క సంగతి మాత్ర మీ తల్లికి వెంటనే తెలియవలయును. పిల్ల యేడాదిగా చేయుచున్న పని శిక్షణగా నమోదు కాలేదు. ఆమె యెంత నేర్చుకొన్నను ఆ యేడాది రెండేండ్లలో జమ పడదు. క్రొత్త పద్ధతిలో ఇంటర్మీడియేటు రెండు విభాగములును గెలిచిన పిదపనే నమోదు. ఆలస్యమైన ప్రతినెలయు ఖర్చు పద్దుక్రిందికే పోవుచున్నది.

ఆడపిల్ల కీ పని యేల యను ప్రశ్నయు ఆ యుత్తరములో మూలనెక్కడనో తొంగిచూచుచున్నది. మన రాజంపేట మదరాసు రాజధానిలో నున్న దినములలోనే, 1933లో, మదరాసున ఆర్. శివభోగము గారు అకౌంటెన్సీ డిప్లొమా పరీక్షలో నెగ్గి, మన దేశమున ఆ విద్య పొందిన మొదటి స్త్రీ యైరి. స్వాతంత్ర్యోద్యమమున జైలుకు పోయివచ్చినందున, అట్టివారిని ఆడిటరుగా నమోదు చేయరాదను నిబంధన యామెకు అడ్డుతగిలినది. ఆమె న్యాయస్థానము కెక్కి గెలిచి, 1937లో స్వంతముగా వృత్తి నారంభించినది. తరువాత 1955 నుండి 1958 వరకు చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థవారి దక్షిణదేశ మండలికి అధ్యక్షురాలుగా నుండినది. ఆమెను నిలబెట్టినది ఆడిటరుకడ చేసిన శిక్షణయు, పరీక్షయును.

పెండ్లియై అమెరికా పోవు పిల్లల మాట కొంత వేరు. అక్కడి సి.పి.ఎ. లైసెన్సునకు చాలకాలముగా 150 క్రెడిట్ల చదువు చూపవలసి యుండెను. మన మూడేండ్ల బి.కాం. దానికి సామాన్యముగా చాలదు గనుక ఎం.కాం. ఆ కొరతను పూరించెడిది. ఇప్పుడు ఒహాయో వంటి కొన్ని రాష్ట్రములు డిగ్రీతోపాటు రెండేండ్ల యనుభవమున్నను చాలునని చట్టము మార్చుకొన్నవి. కావున ఎన్నడో కుదురబోవు సంబంధమును తలచుకొని నేడే గాజులు తీయనక్కరలేదు.

సోదరీ, నా యభిప్రాయ మిది. పిల్ల కీ దినముననే ఇంటర్మీడియేటునకు పేరు నమోదు చేయించుకొమ్మని చెప్పుడు. పరీక్షలు ఏటికి మూడుసార్లు, జనవరి, మే, సెప్టెంబరు నెలలలో జరుగుచున్నవి. ఆడిటరుగారిని సాయంత్రము కొంత ముందుగా విడువుమని యడుగుడు. వారును ఒకప్పుడు ఆ పత్రములు వ్రాసినవారే గదా. ఎం.కాం. మీద తండ్రిగారికి మమకారము తీరనిచో, ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయమువారు దూరవిద్యగా దానిని చెప్పుచున్నారు. తిరుపతిలో గది యద్దెకు తీసికొనకయే చదువవచ్చును. అయితే శిక్షణ కాలమున మరియొక చదువు చదువుటకు సంస్థవారి యనుమతి కావలయును. కావున ఇంటర్మీడియేటు గట్టెక్కువరకు దాని నట్లే యుంచుట మేలు. మూడుమార్లు ప్రయత్నించియు ఒక్క విభాగమైనను దాటనిచో అప్పు డాలోచింతము. అప్పటికిని ఎం.కాం. ఎక్కడికిని పోదు.

గాజులు చేతికే యుండనిండు. రెండు విభాగములును ఒక్కమారే వ్రాయునో, ఒకటొకటిగా వ్రాయునో తేల్చుకొని, వచ్చు నెలకు ఆ పిల్లచేతనే నాకు జాబు వ్రాయింపుడు.