విదేశయాత్రయు, మన పల్లెల పేదరికమును

సముద్రము దాటి పోయివచ్చినవారు మన గ్రామములలో ప్రసంగించునపుడు సాధారణముగా రెండు విధములైన మాటలు వినబడుచుండును. ఒక తెగవారు అచ్చటి రైతుల యిండ్లను, పశువులశాలలను, నున్నని బాటలను వర్ణించి, తుదకు మన రైతు సోమరి యనియు, చెప్పిన మాట విననివాడనియు తేల్చివేయుదురు. ఇంకొక తెగవారు అదే వర్ణన చేసి, ఆ నేల వేరు, ఆ జనము వేరు, మనకా యోగము లేదని నిట్టూర్పు విడుతురు. ముందువారికి కోపము, వెనుకవారికి జాలి. రెంటివలనను రైతునకు ఒరిగినది గింజయైనను లేదు. పరదేశము చూచినవానికి స్వదేశపు పేదరికమునుగూర్చిన యభిప్రాయము మారుట నిజమే. అది యే వైపునకు మారునో, అతడచ్చట ఏమి యడిగి తెలిసికొనెనో దానినిబట్టి యుండును.

నేను సముద్రము దాటినవాడను కాను. మిషను పాఠశాలలో గోడకు వ్రేలాడు పటములో డెన్మార్కు దేశము బొటనవ్రేలంత యుండెను. వెన్నకు ప్రసిద్ధి యని యొక్క వాక్యము వల్లించి పరీక్ష గట్టెక్కితిమి. ఉద్యోగములో చేరిన పిమ్మట విత్తనపు సంచులతో ఊరూర తిరుగుచు, దాటి వచ్చినవారి మాటలు మాత్రము చాల వింటిని. ఒక సంఘపు మహాజనసభలో ఐరోపా చూచివచ్చిన పెద్దమనుష్యు లొకరు డెన్మార్కు పాడిపశువులనుగూర్చి గంటసేపు చెప్పిరి. వెనుక వరుసలోనుండి యొక ముసలి రైతు లేచి, "అయ్యా, వాండ్లు మొదటినుండి అట్లే యుండిరా, మావలె నుండి అట్లయిరా?" అని యడిగెను. వక్తగారు నవ్వి, ప్రొద్దుపోయినదని చెప్పి కూర్చుండిరి. ఆ ప్రశ్నకు సమాధానము కలదు. అది చెప్పుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

డెన్మార్కు రైతు పుట్టుకతో భాగ్యవంతుడు కాడు. పదునెనిమిదవ శతాబ్దములో అచ్చటి పల్లెటి మగవాడు తాను పుట్టిన యెస్టేటు విడిచి వేరొకచోటికి పోవుటకు చట్టము ఒప్పుకొనకుండెను. 1788లో ఆ కట్టు తెంచుటకు శాసనము చేసిరి. పిదప క్రమముగా పెక్కుమంది కౌలుదార్లు తాము దున్ను నేలకు సొంతదార్లైరి. 1814లో పిల్లలకు చదువు నిర్బంధమయ్యెను. 1864లో ప్రష్యా, ఆస్ట్రియాలతో జరిగిన యుద్ధములో ఆ చిన్న దేశము ష్లెస్విగ్, హోల్‌స్టైన్ రాష్ట్రములను పోగొట్టుకొనెను. అది చాలదన్నట్లు 1870 తరువాత అమెరికానుండియు రష్యానుండియు ధాన్యము రైళ్లమీదను పొగయోడలమీదను వచ్చి పడి, ఐరోపా అంగళ్లలో ధర దిగజారెను. ధర దిగిన యేడు రైతు ఇంట ఏమి జరుగునో ఈ పత్రిక చదువువారికి నేను చెప్పనక్కరలేదు.

వారు ధాన్యమమ్ముట తగ్గించి, దానిని పశువులకును పందులకును మేపి, వెన్నగాను మాంసముగాను అమ్మసాగిరి. కాని ఇక్కడ చిన్నవానికి మరియొక చిక్కు వచ్చెను. ఇంటింట చిలికిన వెన్న ఒక్కొక్క రీతిగా నుండుటచేత వర్తకుడు దానికి తక్కువ ధర కట్టెను. పెద్ద యెస్టేటుల వెన్నకే మంచి ధర. పాలనుండి మీగడను వేరుచేయు యంత్రములు 1878 ప్రాంతమున వచ్చినవి. రెండావులు గలవాడు వానిని కొనగలడా? 1882లో పశ్చిమ జట్లండులోని యెడ్డింగ్ అను పల్లెలో రైతులు కూడి, సొంతముగా సహకార పాలశాల పెట్టిరి. తరువాత ఇట్టి సంఘములు ఉమ్మడి బాధ్యతమీద అప్పు తెచ్చి యంత్రములు కొనుట వాడుకయైనది. ఎవరు పోసిన పాలనుబట్టి వారికి లాభము. సభలో మాత్రము ఆవులు ఎన్నియున్నను మనిషి కొక్క ఓటే. వెన్న తీసిన పాలు తిరిగి యింటికి వచ్చి దూడలకును పందిపిల్లలకును మేతయయ్యెను. ఈ చివరి సంగతి చిన్నదిగా తోచును గాని, గేదెను మేపి యెరిగినవానికి దాని విలువ తెలియును. పదేండ్లు తిరుగకముందే అట్టి పాలశాలలు వందలకొలది వెలసినవి.

వక్తగారు చూచినది ఈ కథలో చివరి పుట. పండిన చేను చూచి, దుక్కిని చూడకపోయిరి.

జర్మనీ సంగతి మనకు మరింత దగ్గర. 1846, 47 సంవత్సరములలో అచ్చట పంటలు పోయి కరవు వచ్చెను. వెస్టర్‌వాల్డ్ అను కొండప్రాంతములో వైయర్‌బుష్ చుట్టుపట్టు గ్రామములకు మేయరుగా నుండిన ఫ్రెడరిక్ విల్హెల్మ్ రైఫైజన్, కలిగినవారిచేత సొమ్ము వేయించి, ధాన్యము కొని, రొట్టెలు కాల్చు పొయ్యి కట్టించి, పేదలకు అరువుమీద రొట్టె యిప్పించెను. 1849లో ఫ్లామర్స్‌ఫెల్డ్‌లో పేద రైతులకు పశువులను కొనిపెట్టి వాయిదాలమీద ధర తీర్చుకొను సంఘము నేర్పరచెను. ఏలయన, అచ్చటను అప్పు తీర్చలేనివాని ఆవును ఋణదాత తోలుకొని పోవుచుండెను. అవన్నియు ధనికుల దయమీద నడచిన సంఘములు. కొన్ని యేండ్లకు దయ చల్లారెను. 1864లో హెడ్డెస్‌డార్ఫ్‌లో ఆయన పద్ధతి మార్చెను: అప్పు కావలసినవాడే సభ్యుడు, సభ్యులందరును ఒకరి బాకీకి ఒకరు బాధ్యులు, సంఘపు హద్దు ఊరి పొలిమేర. లాభము పంచుకొనక నిధిగా నిలువజేయుదురు. ఆ సభ్యునికి ఆస్తి యెంత యని కాక, అతడెట్టివాడు, ఈ యప్పు దేనికి, పంటలో ఇది తీరునా యని పొరుగువారు విచారింతురు. ఆ విచారణ చేయుటకు పొరుగువానికున్న తెలివి పట్టణపు బ్యాంకు గుమాస్తాకు ఎట్లు వచ్చును?

ఇప్పుడు మన దేశమువైపునకు వత్తము. మద్రాసు రాజధానిలో ఫ్రెడరిక్ నికల్సన్ అను సివిలు ఉద్యోగి యుండెను. 1887లో ఆయన కోయంబత్తూరు జిల్లా మాన్యువలు వ్రాసెను. అనగా మన రైతుల అప్పు, సాగు, బావుల సంగతి ఆయనకు కాగితములమీదనే గాక కన్నులారను తెలియును. 1892లో ప్రభుత్వమువారు ఐరోపాలోని వ్యవసాయ బ్యాంకుల పరిశీలన ఆయన కప్పగించిరి. 1895లోను 1897లోను రెండు సంపుటములుగా నివేదిక వెలువడెను. యాత్ర ఆయన కేమి నేర్పినది? అప్పు హిందూదేశపు రైతు గుణదోషము కాదనియు, సేద్యము చేయు ప్రతి జాతియు అప్పుతోనే చేసినదనియు, ఐరోపా రైతును వడ్డీవ్యాపారి పీల్చిన విధము మన పల్లెలో జరుగుచున్న విధమునకు భిన్నము కాదనియు ఆయన గ్రహించెను. చట్టముకంటెను, నియమావళికంటెను, రైఫైజన్ వంటి మనుష్యుని ఊరిలో వెదకి పట్టుకొనవలెనని ఆయన తేల్చి చెప్పెను. 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చుటకు ఆ నివేదిక దారి వేసినది. మనమీనాడు సంఘములో వాటాదార్లుగా నుండుటకు మూలము, ఒక ఉద్యోగి పరదేశమునకు పోయి, మహాజనసభలో ముసలిరైతు వేసిన ప్రశ్ననే అచ్చట వేయుట.

ఉద్యోగులును పెద్దలును మాత్రమే సముద్రము దాటలేదు. వారికంటె నూరంతలుగా కూలీలు దాటిరి. విశాఖపట్టణము, శ్రీకాకుళము, గోదావరి ప్రాంతములవారు వరికోతలకును, బియ్యపు మిల్లులకును, రేవుపనికిని ఓడలమీద రంగూనునకు పోయిరి. కోరంగి రేవు పేరుమీదుగా వారికచ్చట కోరంగీలని పేరు పడెను. మేస్త్రీ ఇచ్చిన బయానాతో బయలుదేరి, ఆ బయానా తీరువరకు వాని చేతిలోనే యుండిరి. 1930 మే నెలలో రంగూను రేవుపని తగవు అల్లరిగా మారి పెక్కుమంది తెలుగు కూలీలు ప్రాణములు కోల్పోయిరి. 1942లో జపాను సేనలు వచ్చినపుడు వేలకొలది కుటుంబములు అడవులును కొండలును పడి కాలినడకను వచ్చినవి. నేడు కరీంనగరము, నిజామాబాదు, కోనసీమ, కడప ప్రాంతములనుండి గల్ఫ్ దేశములకు పోవువారి యాత్రయు ఆ జాతిదే. ఏజెంటునకు కట్టిన సొమ్ముకు వడ్డీ తీర్చుటలోనే మొదటి కాలపు సంపాదన కరగిపోయినవారిని నేనెరుగుదును. జీతము ఎగవేయబడి రిక్తహస్తములతో వచ్చినవారును కలరు.

ఐనను ఈ యాత్రికులు చూచి వచ్చినది పెద్దమనుష్యులు చూడనిది. ఇచ్చట సోమరి యని పేరుపడినవాడే రంగూను రేవులో బస్తాలు మోసెను, ఎడారి యెండలో గోడలు కట్టెను. ఓడ యెక్కినంతనే రక్తము మారునా? నేనొకసారి గల్ఫ్‌నుండి వచ్చిన మెట్టప్రాంతపు యువకు నొకనిని, అచ్చట నీకు వింతగా తోచినదేమని యడిగితిని. మేడలు చెప్పునని యనుకొంటిని. "ఏడాది పొడుగున పని యున్నదండి" యని చెప్పెను. మెట్టయూరిలో వానలు వెనుదీసిన పిమ్మట కూలివానికి ఎన్ని నెలలు పనియుండునో లెక్కించిచూచిన, అతని మాట తెలియును. అరుగుమీద కూర్చున్నవానిని సోమరి యనుటకు ముందు, ఆ దినమున ఊరిలో పని యేదైన నున్నదా యని విచారింపవలెను.

ఇంత దూరము తిరిగి మన సంఘపు గుమ్మమునకు వచ్చితిమి. రైఫైజన్ హెడ్డెస్‌డార్ఫ్‌లో ఎవరిని లోపలికి పిలిచెనో వానినే మనము పెక్కుచోట్ల బయట నిలువబెట్టుచున్నాము. కౌలుదారు మాట చెప్పుచున్నాను. నేనెరిగిన యొక రైతు ఏడెకరముల మాగాణి కౌలుకు చేయుచున్నాడు. భూమి గలాయన పట్టణములో కాపురముండును. పాసుపుస్తకము ఆయనది గనుక తక్కువ వడ్డీ పంటఋణము ఆయన పేర వ్రాయబడును. తుపానువచ్చి చేను పడిపోయిన యేడు పరిహారమును ఆయన ఖాతాలోనే పడెను. చేను దున్నినవాడు ఎరువుల దుకాణములో అరువు పెట్టి, ధాన్యము కల్లములో నుండగనే ఆ దుకాణదారునకు కొలిచి యిచ్చెను. 2011లో కౌలుదార్లకు ఋణార్హత కార్డులిచ్చుటకు శాసనము వచ్చినది. 2019లో ఆంధ్రప్రదేశములో పంటసాగుదార్ల హక్కుల శాసనము వచ్చినది. అది భూయజమాని అంగీకారముతో కూడిన ఒప్పందమును కోరెను. సంతకము పెట్టిన నేల పోవునను భయముతో యజమానులు వెనుదీసిరి. ఆ భయము నిరాధారమని నా యభిప్రాయము; కాని శాసనము చేసినవారు దానిని ముందే లెక్కలోనికి తీసికొనవలసి యుండెను.

జర్మనీ రైతునకు కొద్దియో గొప్పయో సొంతనేల యుండెను గదా, డెన్మార్కువారు వేలుగా అమెరికాకు వలసపోయి పల్లెల భారము తగ్గినది గదా యని కొందరు ఆక్షేపింతురు. నిజమే. వారి చదువు, వారి భూసంస్కరణము మనకంటె ముందు జరిగినవనుటయు నిజమే. కావున వారి పద్ధతిని అచ్చు దింపుట కుదరదు. కాని నేలలేనివానికి పొరుగువారి హామీమీద అప్పిచ్చిన మునిగిపోదుమను వాదమును మాత్రము నేనొప్పుకొనను. దానికి జవాబు వెదకుటకు పరదేశము పోనక్కరలేదు. మన వంటయింటిలోనే యున్నది. డ్వాక్రా సంఘములని మన యిండ్లలో పేరుపడిన ఆడువారి పొదుపు సంఘములు పాసుపుస్తకము లేకయే, ఒకరికొకరు హామీగా నిలిచి, అప్పు తెచ్చి తీర్చుచున్నవి. నేను చెప్పిన కౌలుదారు రెండవకోటా యూరియా బస్తాలు కొనినది భార్య తెచ్చిన అట్టి యప్పుతోనే. నలుగురు మొదలు పదిమంది వరకు కూడి ఉమ్మడి బాధ్యతతో అప్పుతీసికొను బృందములను నాబార్డువారును ప్రోత్సహించుచున్నారు. అది పాత జర్మను పద్ధతియే. మన సంఘములు అట్టి బృందములను ఎన్నింటిని చేర్చుకొన్నవి?

విదేశములు చూచివచ్చినవారిని సభలకు పిలుచుట మానవలదు. వారు మాటలాడిన పిమ్మట ఆ ముసలి రైతు ప్రశ్న వేయుటకు మాత్రము వెనుదీయవలదు. రానున్న మహాజనసభలో లెక్కలు చదువునపుడు, ఈ యేడు ఋణము పొందినవారిలో స్వయముగా సేద్యము చేయువా రెందరు, కౌలుకు చేయువా రెందరు అని కార్యదర్శిగారిని అడుగవచ్చును. అట్టి గడి మన రిజిస్టరులో లేదని వారు చెప్పినచో, ఆ పూటనే గీయించుట కష్టమైన పని కాదు.