ట్యాబ్ పెద్దదైనంత మాత్రాన చిప్ పెద్దది కాదు

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. ఇంటర్ అయ్యి డిగ్రీలో చేరబోయే తమ్ముళ్లు, చెల్లెళ్లు తప్పకుండా చదవండి.

కాఫీ, మిరియాల డబ్బులో, స్కాలర్‌షిప్ డబ్బులో చేతికి రాగానే మన ఇళ్లలో వచ్చే ప్రశ్న ఒకటే: పిల్లలకు ఫోన్ కొనాలా, ట్యాబ్ కొనాలా? మా హాస్టల్ గదిలో మేము ఆరుగురం. ఆరుగురి ఇళ్లలోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఏది కొనాలో చెప్పడానికి ఇంట్లో చదువుకున్న అన్నలు, అక్కలు లేరు. అందుకే షాపువాడు చెప్పిందే వేదం అయిపోతోంది. షాపువాడు ఏమంటాడు? "ట్యాబ్ పెద్దది కదా బాబూ, ప్రాసెసర్ కూడా పవర్‌ఫుల్‌గా ఉంటుంది" అంటాడు. ఈ మాట నమ్మకూడదని చెప్పడానికే ఈ పోస్టు.

ముందు తెలుసుకోవాల్సింది ఏంటంటే, ఫోన్ చిప్ వేరు, ట్యాబ్ చిప్ వేరు అని పెద్దగా ఏమీ లేదు. చాలాసార్లు రెండింట్లోనూ ఉండేది ఒకటే. 2022లో వచ్చిన పోకో ఎం5 ఫోన్‌లో మీడియాటెక్ హీలియో జీ99 చిప్ ఉంది. అదే ఏడాది వచ్చిన రెడ్‌మీ ప్యాడ్‌లోనూ అదే జీ99. వన్‌ప్లస్ నార్డ్ సీఈ 2 లైట్ ఫోన్‌లో స్నాప్‌డ్రాగన్ 695 ఉంటే, సామ్‌సంగ్ గెలాక్సీ ట్యాబ్ ఏ9 ప్లస్‌లోనూ అదే 695. స్క్రీన్ పెరిగింది గానీ లోపలి బుర్ర పెరగలేదు.

ఇంకో విచిత్రం చూడండి. రెడ్‌మీ ప్యాడ్ స్క్రీన్ 2000×1200, అంటే 24 లక్షల చుక్కలు. పోకో ఎం5 స్క్రీన్ 2408×1080, అంటే దాదాపు 26 లక్షల చుక్కలు. చిన్న ఫోనే ఎక్కువ చుక్కలు గీస్తోంది! కాబట్టి పెద్ద స్క్రీన్ అంటే చిప్‌కు ఎక్కువ పని అని కూడా కళ్లు మూసుకుని అనలేం.

మరి ట్యాబ్‌కు లాభమే లేదా అంటే, ఉంది. అది వేడి దగ్గర. చిప్ గట్టిగా పని చేస్తే వేడెక్కుతుంది. వేడి హద్దు దాటితే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ట్యాబ్ ఒళ్లు వెడల్పు కాబట్టి వేడి పరుచుకుంటుంది, ఎక్కువసేపు అదే వేగంతో లాగుతుంది. జీ99 లాంటి మధ్యరకం చిప్‌లలో ఈ తేడా తక్కువే. గెలాక్సీ ఎస్23 ఫోన్‌లోనూ, ట్యాబ్ ఎస్9లోనూ ఉన్న స్నాప్‌డ్రాగన్ 8 జెన్ 2 లాంటి పెద్ద చిప్‌లకు ఇది బాగా పనికొస్తుంది. ఆ ధరలు మనకు ఎలాగూ అందవు. ఏప్రిల్‌లో రేకుల ఇంట్లో కూర్చుని క్లాసు వినేవాళ్లకు మాత్రం ఈ వేడి సంగతి గుర్తుండాలి.

ఇప్పుడు అసలు మోసం జరిగే చోటుకు వద్దాం. డబ్బా మీద "ఆక్టా కోర్, 2.3 గిగాహెర్ట్జ్" అని రాసి ఉంటుంది. 2018 నాటి హీలియో పీ35 చిప్‌కూ ఎనిమిది కోర్లే, 2.3 గిగాహెర్ట్జే. జీ99కూ ఎనిమిది కోర్లే, పైగా 2.2 మాత్రమే. అంకెలు చూస్తే పాతదే ముందుంది కదా? కానీ పీ35లో ఎనిమిదీ ఏ53 కోర్లు. ఆర్మ్ కంపెనీ వాటిని ప్రకటించింది 2012లో. జీ99లో రెండు ఏ76 కోర్లు ఉన్నాయి, అవి 2018 నాటివి. ఒక్కో టిక్కులో ఏ76 చేసే పని ఏ53 కంటే చాలా ఎక్కువ. సంతలో పసుపు అమ్మేటప్పుడు ఎన్ని బస్తాలని కాదు, ఎన్ని కిలోలని అడుగుతాం. ఇదీ అంతే. కోర్లు బస్తాల లెక్క, కోర్ రకం తూకం లెక్క. చవక ట్యాబ్‌లలో ఈ పాత కోర్లే ఎక్కువగా కనిపిస్తాయి.

చిప్ ఒక్కటే చాలదు. 4 జీబీ ర్యామ్ కంటే తక్కువైతే వద్దనే మేము అంటాం. స్టోరేజీ ఈఎంఎంసీనా, యూఎఫ్‌ఎస్‌నా అని కూడా అడగండి. యూఎఫ్‌ఎస్ చాలా వేగం. వీడియో చూపించి "చూశావా, ఎంత స్మూత్‌గా ఉందో" అంటే పడిపోకండి. వీడియో ఆడించడానికి చిప్‌లో వేరే భాగం ఉంటుంది, పాత చిప్ కూడా వీడియో బాగానే ఆడిస్తుంది. క్లాసు యాప్ తెరిచి ఉంచి, పెద్ద పీడీఎఫ్‌లో పేజీలు తిప్పి, మళ్లీ క్లాసుకు రండి. అసలు రంగు అక్కడ బయటపడుతుంది. గీక్‌బెంచ్ లాంటి యాప్ ఉంటే వరసగా మూడుసార్లు నడపండి. మూడోసారి స్కోరు బాగా పడిపోతే వేడికి తట్టుకోవడం లేదని అర్థం.

మా అభిప్రాయం సూటిగా చెప్తాం. ఒక్కటే కొనగలిగితే ఫోనే కొనండి. ఓటీపీ రావాలన్నా, స్కాలర్‌షిప్ అప్లై చేయాలన్నా, అమ్మానాన్నలతో మాట్లాడాలన్నా సిమ్ కావాలి. రెడ్‌మీ ప్యాడ్ లాంటి వైఫై ట్యాబ్‌లకు సిమ్ ఉండదు, వైఫై లేని మన ఊళ్లలో మళ్లీ ఫోన్ హాట్‌స్పాటే దిక్కు. ఫోన్ ఉన్నవాళ్లు గదికి ఒకటి చొప్పున, అందరూ తలా కొంత వేసుకుని మంచి చిప్ ఉన్న ట్యాబ్ కొనుక్కోండి. బొమ్మలు, పటాలు ఉన్న పుస్తకాలు ఆరంగుళాల స్క్రీన్‌లో చదివితే కళ్లే పోతాయి.

చివరిగా ఒక మాట. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో 8వ తరగతి పిల్లలకు ట్యాబ్‌లు ఇచ్చారు. మాకు తెలిసినవాళ్లంతా కంపెనీ ఏది, స్క్రీన్ ఎంత అనే అడిగారు. చిప్ పేరు అడిగినవాళ్లు మాకు కనపడలేదు. రేపు ఏ ప్రభుత్వం ఇచ్చినా, ఏ సంస్థ పంచినా, చిప్ పేరు, ర్యామ్, స్టోరేజీ రకం, అప్‌డేట్లు ఎన్నేళ్లు వస్తాయి అని మన విద్యార్థి సంఘాలు ముందే అడగాలి. ఊరికే ఇస్తున్నారు కదా, అడిగితే బాగోదేమో అనుకోవద్దు. అది మన పేరు మీద ఖర్చయ్యే డబ్బు. తూకం చూడకుండా సంతలో సరుకు ఇవ్వం, ఇక్కడా తూకం చూసే తీసుకుందాం.

మీ దగ్గర ఉన్న ఫోన్, ట్యాబ్ చిప్ పేర్లు కింద రాయండి. కొనబోయేవాళ్లకు పనికొస్తుంది.

జై ఆదివాసీ!