ఫుట్‌పాత్ పని మూడింటికి మొదలెట్టొచ్చు

కుంగిన ఇంటర్‌లాక్ టైల్స్ పీకడం, ఇసుక పరిచి చదును చేయడం, విరిగిన కర్బ్‌స్టోన్ తీసి కొత్తది నిలబెట్టడం, నలుపూ పసుపూ రంగు వేయడం... దుబాయ్, షార్జాల్లో ఈ మరమ్మతు ఎక్కడో ఒకచోట సాగుతూనే ఉంటుంది. చేసే చేతుల్లో కరీంనగర్, నిజామాబాద్, కడప జిల్లాల వాళ్లవీ ఉన్నాయి.

యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12.30 నుంచి 3 దాకా ఎండలో పని చేయించకూడదు. 2005 నుంచీ ఏటా వేసవిలో ఇలా మధ్యాహ్న విరామం అమలవుతోంది. ఉల్లంఘిస్తే ఒక్కో కార్మికుడికి 5,000 దిర్హామ్‌ల చొప్పున, గరిష్ఠంగా 50,000 దాకా జరిమానా.

మధ్యలో ఆపలేని తారు, కాంక్రీటు పనులకు, నీటి లైన్లు, కరెంటు వంటి అత్యవసర మరమ్మతులకు మాత్రం మినహాయింపు ఉంది. దాన్ని చూపించి "మనదీ రోడ్డు పనే కదా" అని ఫోర్‌మన్ అంటే తలూపకండి. టైల్ రెండున్నర గంటలు ఆగితే పాడవదు. పాడయ్యేది మన ఒళ్లే.

అసలు చిక్కు మనలోనూ ఉంది. ఏజెంటు అప్పు తీరాలి, పని ముగించి త్వరగా రూముకు పోవాలి అని కొందరు "ఏం కాదులే" అంటూ ఒప్పేసుకుంటారు. అలా ఒప్పుకున్నవాడు పక్కవాడి విశ్రాంతినీ వదిలేసినట్టే. రేపు వాడు కాదంటే సోమరి అంటారు.

అన్నలారా, ఒక్కడే అడిగితే వాడి మీదే కన్నుపడుతుంది. గ్యాంగంతా కలిసి నీడకు నడవండి. వినకపోతే కార్మిక శాఖ నంబరు 600590000 ఉంది. ఫోన్ చేయండి.