రాక్ గాయకుల స్వీయచరిత్రములును మన శ్రవణరుచియును

పుఱ్ఱెకొక బుద్ధి, జిహ్వకొక రుచి యని మనవారు చెప్పుదురు. నాలుకకు వలెనే చెవికిని రుచి గలదు. ఆ రుచి పుట్టుకతో వచ్చునా, పెంపకమున నలవడునా, ఒకరిని జూచి యొకరు నేర్చుకొందురా యను ప్రశ్నకు సమాధానము చెప్పుట సులభము కాదు. మన పై తరగతుల విద్యార్థులలో కొందఱు పాశ్చాత్యుల రాక్ సంగీతమునం దాసక్తి గలిగి, ఆ గాయకులు వ్రాసికొనిన స్వీయచరిత్రములను గూడ చదువుచున్నారు. దీనినిగూర్చి తల్లిదండ్రులలో రెండు విధములైన యభిప్రాయములు వినవచ్చుచున్నవి. ఇంగ్లీషు భాష యలవడును గదా, చదువనిండని కొందఱందురు. త్రాగుడును, మత్తుమందులును, కట్టుబాటులేని బ్రతుకును నిండిన యీ గ్రంథములకు మిషను పాఠశాలలో తావెందులకని మఱికొందఱందురు. ఈ రెండు వాదములును సంగీతమును మఱచి సాగుచున్నవని మా తలంపు. ఈ గ్రంథములు చదువరి చెవికి మేలు చేయుచున్నవా, కీడు చేయుచున్నవా? ఇదియే ముందు విచారింపదగిన విషయము.

రాక్ సంగీతము 1950 ప్రాంతముల అమెరికాలో రూపుదాల్చినది. అచటి నల్లజాతివారి బ్లూస్ పాటలును, వారి దేవాలయములలోని భక్తిగీతములును, దక్షిణ రాష్ట్రముల తెల్లవారి పల్లెపాటలును దానికి మూలములు. విద్యుత్తుతో మ్రోగు గిటారును, డ్రమ్ములును దాని ముఖ్యవాద్యములు. పుట్టి డెబ్బది యేండ్లు దాటుటచేత, దాని తొలి తరములవా రనేకులు వార్ధక్యమున తమ కథలను తాము చెప్పుకొనిరి. చక్ బెర్రీ గ్రంథము 1987లోను, బాబ్ డిలన్ గ్రంథము 2004లోను, ఎరిక్ క్లాప్టన్ గ్రంథము 2007లోను, కీత్ రిచర్డ్స్ గ్రంథము 2010లోను వెలువడినవి. అదే 2010లో పాటీ స్మిత్ అను గాయని రచించిన గ్రంథమునకు అమెరికా జాతీయ గ్రంథ బహుమానము లభించెను. కావున వీనిని చవుకబారు పుస్తకములని యొక్క మాటతో త్రోసివేయుట న్యాయము కాదు.

ఈ గ్రంథములలో మాకు మిక్కిలి విలువగలవిగా దోచిన పుటలు, గాయకుడు తాను పాడిన పాటలనుగూర్చి చెప్పినవి కావు. తాను విన్న పాటలనుగూర్చి చెప్పినవి. పాడువాడు ముందు వినువాడు. కీత్ రిచర్డ్స్ 1961లో ఇంగ్లండునందలి డార్ట్‌ఫర్డ్ రైలు స్టేషనులో తన చిన్ననాటి యెఱుకగల మిక్ జాగర్‌ను మరల గలిసికొనెను. జాగర్ చంకలో చక్ బెర్రీ రికార్డును, మడ్డీ వాటర్స్ రికార్డును ఉండెను. అట్టివి ఆ కాలపు ఇంగ్లండులో సులభముగా దొరకునవి కావు. ఆ రికార్డులు జూచి కలసిన స్నేహమే ‘రోలింగ్ స్టోన్స్’ బృందమునకు పునాది యయ్యెను. ఆ పేరును మడ్డీ వాటర్స్ పాటనుండి గ్రహింపబడినదే. ఈ వృత్తాంతము చదివిన బాలుడు రోలింగ్ స్టోన్స్‌తో నిలిచిపోక, బెర్రీని వెదకును. బెర్రీనుండి మడ్డీ వాటర్స్‌ను వెదకును. ఏటి నీరు త్రాగువానికి ఏటి పుట్టుచోటు చూపినట్లు, మంచి స్వీయచరిత్రము చెవికి త్రోవ చూపును.

అదియు గాక, కొన్ని పుటలు పాటను వినువిధమునే మార్చగలవు. రిచర్డ్స్ తన గిటారు శ్రుతినిగూర్చి వివరించిన భాగ మట్టిది. గిటారునకు ఆరు తంత్రులుండును. ఆయన వానిలో లావైనదానిని తీసివేసి, మిగిలిన యైదింటిని జి, డి, జి, బి, డి అను స్వరములకు శ్రుతి చేయును. మెట్లపై వ్రేలు మోపకయే మీటినను ఆ యైదు తంత్రులు కలసి యొక నిండు స్వరమేళనమును పలుకును. వ్రేళ్లు ఎటు కదలినను క్రింద నొక నాదము తంబుర శ్రుతివలె విడువక మ్రోగుచుండును. ఈ పద్ధతి అమెరికా పల్లెలలో బాంజో వాద్యమును శ్రుతిచేయు తీరునుండి వచ్చినదని ఆయన చెప్పెను. ఇది తెలిసినపిమ్మట 1981 నాటి ‘స్టార్ట్ మీ అప్’ అను పాటను వినుడు. అంతకుముందు వట్టి రొదగా దోచినదానిలో శ్రుతి యేది, దానిపై నాడు స్వరమేది యని చెవి వేఱుపఱచును. ఇది చదువువలన చెవికి గలిగిన లాభము. పాటను మెచ్చుటయా, మానుటయా యనునది పిమ్మటి మాట.

ఆ గ్రంథముననే, గాయకబృందములను నడపు మావంటి యుపాధ్యాయులు చదువదగిన యొక పుట గలదు. రిచర్డ్స్ బాల్యమున పాఠశాల గాయకబృందములో నుండి, వెస్ట్‌మినిస్టర్ ఆబీలో రాణియెదుట పాడినవాడు. గొంతు మాఱగానే ఆయనయు తోటి బాలురును బృందమునుండి తొలగింపబడిరి. పాటల సాధనలో పోయిన పాఠములకుగాను ఒక తరగతి వెనుకకు నెట్టబడిరి. ఆ చేదు తన్ను చాలకాలము విడువలేదని ఆయన వ్రాసెను. పిల్లల కంఠమును వాడుకొని, పిల్లవానిని మఱచుట యెంతటి యన్యాయమో తెలుపుటకు ఇంతకంటె వేఱు పాఠ మేల?

ఇక బాబ్ డిలన్ విషయము. ఈయన కవితకు 2016లో నోబెల్ బహుమానము వచ్చినది. యౌవనమున మినియాపొలిస్ నగరమున ఈయన వుడీ గత్రీ యను పల్లెగాయకుని రికార్డులను వినెను. పిమ్మట 1943లో వెలువడిన గత్రీ స్వీయచరిత్రమును చదివెను. కొంతకాలము గత్రీ పాటలు తప్ప మఱేమియు పాడలేదు. ఇట్లుండగా సంగీతము బాగుగా నెఱిగిన యొకడు, నీవు చేయుచున్న యీ యనుకరణమును జాక్ ఇలియట్ అనువాడు నీకంటె ముందే చేసియున్నాడని నిర్మొగమాటముగా జెప్పెను. డిలన్ క్రుంగిపోయెను. కాని 1961లో న్యూయార్కునకు వచ్చి, ఆసుపత్రిలో రోగియైయున్న గత్రీని దర్శించి, క్రమముగా తన త్రోవ తాను కనుగొనెను. ఒక స్వీయచరిత్రము మఱియొక గాయకుని పుట్టించినదనుటకు ఇది తార్కాణము. కాని క్రమమును గమనింపుడు: చెవి ముందు వినెను, కన్ను తరువాత చదివెను. చదివినది వేషమైనంతకాలము అది యనుకరణము. అరిగి రక్తములో గలసిన నాడే అది సంగీతమైనది.

ఆ గ్రంథముననే మఱియొక ముచ్చట గలదు. రాబర్ట్ జాన్సన్ అను బ్లూస్ గాయకుని రికార్డు డిలన్‌కు లభించెను. దానిని వినగానే ఆయన నిశ్చేష్టుడై, ఆ పాటల కూర్పు తెలిసికొనుటకై పదములను కాగితపు ముక్కలపై వ్రాసికొని పరిశీలించెను. ఆ రికార్డునే తన మిత్రుడగు డేవ్ వాన్ రాంక్‌నకు వినిపింపగా, ఆయన, ఈ పాట ఫలానిదానినుండి వచ్చినది, ఆ పాట ఫలానివానిదని మూలములు చెప్పుకొనిపోయెనే గాని అంతగా చలింపలేదు. ఇద్దఱును సంగీతజ్ఞులే, విన్నదియు నొక్కటే. అయినను రుచి వేఱయ్యెను. డిలన్ తన మిత్రుని మాటకు తన చెవిని తాకట్టు పెట్టలేదు. మన విద్యార్థులు ఆయనవద్ద నేర్వదగిన దీ స్వాతంత్ర్యమే.

మేలు చెప్పితిమి, కీడును జెప్పవలయును. మొదటిది, కథ చెవి స్థానము నాక్రమించుట. ఎరిక్ క్లాప్టన్‌కు నాలుగేండ్ల కుమారుడుండెను. 1991లో ఆ బాలుడు న్యూయార్కులోని యొక మేడ యేబదిమూడవ యంతస్తు కిటికీనుండి పడి మరణించెను. ఆ దుఃఖమున పుట్టిన పాట 1992లో వెలువడి లోకమంతట వ్యాపించెను. తండ్రి వ్రాసిన మాటలు చదివి యా పాట వినువాడు కంటతడి పెట్టక మానడు. అది మనుష్యత్వము. కాని ఆ కన్నీరు పాటదెంత, వార్తదెంత? ఈ ప్రశ్న వేసికొనకున్న యెడల, గాయకుని కష్టము పెరిగినకొలది పాట గొప్పదగును. గాయకుడు చెడ్డవాడైనచో మంచి పాటయు చెడ్డదగును. అప్పుడు మనము సంగీతము వినుటలేదు. న్యాయసభలో కూర్చుండి తీర్పు చెప్పుచున్నాము.

రెండవది, తల్లిదండ్రులు భయపడు విషయమే. మత్తుమందు తీసికొనినందుననే గానము వచ్చెనని యొకానొక బాలుడు తలంపవచ్చును. ఆ భయము నిరాధారము కాదు. అయితే గ్రంథమును పూర్తిగా జదివినవాడు అట్లు తలంపడు. క్లాప్టన్ కథనే చూడుడు. హెరాయినుకు బానిసయై ఆయన కొన్నియేండ్లు ఇల్లు కదలక గడిపెను. ఆ కాలమున ఆయన చేసిన సంగీతము మిక్కిలి స్వల్పము. దానిని విడిచి త్రాగుడున బడెను. 1987లో త్రాగుడు మానెను. 1998లో వ్యసనపీడితులకై ఆంటిగ్వా ద్వీపమున నొక చికిత్సాలయమును నెలకొల్పెను. సగము చదివి మూసినవానికే యీ పుస్తకము విషము. కడవఱకు చదివినవానికి మేము చేయు నీతిబోధలకంటె నది గట్టి బోధ.

మూడవది, స్వీయచరిత్రము ఒక్క సాక్షి వాఙ్మూలము మాత్రమే. ‘ది బ్యాండ్’ అను బృందమున పెక్కు పాటలకు కర్తగా రాబీ రాబర్ట్‌సన్ పేరు వ్రాయబడినది. ఆ పాటలకు రూపమిచ్చుటలో అందఱి పాలును గలదని డ్రమ్ము వాయించుచు పాడిన లెవన్ హెల్మ్ 1993లో తన గ్రంథమున మొఱపెట్టెను. రాబర్ట్‌సన్ 2016లో తన కథ తాను చెప్పెను. అప్పటికి హెల్మ్ మరణించి నాలుగేండ్లయ్యెను. ఒక్క గ్రంథమే చదివినవాడు ఒక్క పక్షమునే వినును. ఇదిగాక, కొన్ని గ్రంథముల రచనలో వేఱొకరి చేయి గలదు; రిచర్డ్స్ గ్రంథము జేమ్స్ ఫాక్స్ సహాయముతో వ్రాయబడినది. డిలన్ గ్రంథమున ఇతర రచనలనుండి గైకొన్న పదబంధములు గలవని పరిశీలకులు చూపిరి.

అన్నిటికంటె పెద్ద లోప మొకటి గలదు. పుస్తకము వ్రాయనివారి సంగతి యేమి? రాబర్ట్ జాన్సన్ 1936, 1937 సంవత్సరములలో ఇరువదితొమ్మిది పాటలు రికార్డు చేసి, 1938లో ఇరువదియేడేండ్ల ప్రాయమున మరణించెను. స్వీయచరిత్రము వ్రాయు భాగ్యము ఆయనకు లేదు. సిస్టర్ రొసెట్టా థార్ప్ 1915లో ఆర్కన్సాసు రాష్ట్రమున జన్మించెను. సువార్త ప్రకటించు తల్లితో కూడ చిన్ననాడే దేవాలయములలో పాడెను. రాక్ అను పేరు ప్రసిద్ధికి రాకమునుపే విద్యుత్ గిటారుపై భక్తిగీతములు మ్రోగించెను. 1973లో మరణించిన యామెకు రాక్ సంగీతకారుల గౌరవసభలో స్థానము 2018లో గాని లభింపలేదు. పుస్తకములవలననే రుచి నేర్చుకొనువాడు, పుస్తకము వ్రాయు తీరికయు, ప్రచురించు సంస్థయు గలవారినే గొప్పవారని తలంచును. కావున ఒక గ్రంథమును చదివి ముగించినవాడు, ఇందులో పేరు మాత్రము కనబడి కథ కనబడనివారెవరని వెదకవలయును.

చక్ బెర్రీ చిన్నతనమున వారి యింటనే బాప్టిస్టు సంఘ గాయకులు సాధన చేయుచుండిరి. ఆయన తొలి జ్ఞాపకములు ఆ కీర్తనలే. 1941లో సెయింట్ లూయిస్ నగరమున తాను చదువుచున్న సమ్నర్ ఉన్నత పాఠశాల సభలో ఆయన బ్లూస్ పాట యొకటి పాడెను. విద్యార్థులు కేకలు వేసి మెచ్చుకొనిరి. ఉపాధ్యాయులలో కొందఱు మొగము చిట్లించిరి. పిమ్మట దోపిడి నేరమునకై సంస్కరణశాలకు పంపబడిన మాటయు ఆయన దాచలేదు. ఇంటిలోని కీర్తనయు, పాఠశాలలోని బ్లూస్ పాటయు ఒక్క కంఠముననే పెరిగినవి. ఇట్టి కథ తెలిసిన యుపాధ్యాయుడు మొగము చిట్లించుటకు ముందు ఒక్క క్షణము చెవియొగ్గును. మన కీర్తనల గ్రంథమున పాట శీర్షమున రాగమును తాళమును ముద్రింపబడియుండును. రచయిత కథ యుండదు. మన పెద్దలు ముందు పాటను విననిచ్చిరి. ఆ పద్ధతి రాక్ పాటకును తగినదే.

కావున మా యభిప్రాయ మిది. ఈ గ్రంథములను పాఠశాల గ్రంథాలయమునుండి వెలివేయరాదు. వానిని పై తరగతులవారికిచ్చి, ఉపాధ్యాయుడు తానును చదివి వారితో చర్చింపవలయును. విద్యార్థులకు మూడు నియమములు చెప్పుచున్నాము. పుస్తకములో పేర్కొనబడిన పాటను ఆ పుట చదువుటకు ముందొకసారి విని, చెవికి దోచినది రెండు వాక్యములలో వ్రాసికొనుడు. చదివినపిమ్మట మరల విని, మాఱినదేమో వ్రాయుడు. మాఱినది పాటలో క్రొత్తగా వినబడినదానివలననా, గాయకునిపై కలిగిన జాలివలననా యని మిమ్ము మీరే యడుగుడు. ఒకని కథ చదివినచో అతనితో కలహించినవాని కథయు చదువుడు.

అన్నిటిని పరీక్షింపుమని పౌలు భక్తుడు థెస్సలొనీక సంఘమునకు హితవు చెప్పెను. పరీక్షింపకయే త్రోసివేయుటయు, పరీక్షింపకయే నెత్తిన బెట్టుకొనుటయు ఆ హితవునకు విరుద్ధములే. పెద్దలు మొదటిదానివలనను, పిన్నలు రెండవదానివలనను జాగ్రత్తపడుదురుగాక. ఈ సంవత్సరము సెలవులలో ఇట్టి గ్రంథమొకటి చదివి, వ్రాసికొనిన వాక్యములను మాకు తెచ్చి చూపు విద్యార్థులకొఱకు మేము ఎదురుచూచుచుందుము.