మనసుకి పాఠాలు సరే, మజూరీ మాటేమిటి?

ఈమధ్య మా పెడనలో ఏ మీటింగు పెట్టినా మనసు గురించే మాట్లాడుతున్నారు. మహిళా దినోత్సవమైనా, పొదుపు సంఘాల సమావేశమైనా, స్కూలు వార్షికోత్సవమైనా ఒక వ్యక్తిత్వ వికాస వక్త రావాల్సిందే. ఒత్తిడిని జయించండి, సానుకూలంగా ఆలోచించండి, మీ ఆలోచన మారితే మీ పని మారుతుంది, జీవితం మారుతుంది! వినేవాళ్ళలో సగంమంది తెల్లారకముందే లేచి కండెలు చుట్టొచ్చినవాళ్ళు, మిగతావాళ్ళు అద్దకం షెడ్లలో పనికెళ్ళేవాళ్ళు. బందరులో ఇరవయ్యేళ్ళకి పైగా సైకాలజీ పాఠాలు చెప్పినదాన్ని గనక ఈ ఉపన్యాసాలు వింటే నాకు ఇంకాస్త ఎక్కువ మండుతుంది. నేను చదివిన శాస్త్రాన్ని తలకిందులు చేసి మా ఊరి ఆడవాళ్ళ నెత్తిన పెడుతున్నారు.

కిందటేడు అలాంటి ఒక సభలో నేనూ వేదిక మీద ఉన్నాను. గంటసేపు మాట్లాడాక వక్తగారు ప్రశ్నలడగమన్నారు. వెనక వరసలోంచి ఒకావిడ లేచింది. "బాగా చెప్పారండీ. పొద్దున్నే అద్దంలో చూసుకుని నవ్వమన్నారు, నవ్వుతాను. మరి మూడు వారాల మజూరీ ఆగిపోయిందండీ, దానికేం చెయ్యమంటారు?" అంది. హాలంతా నవ్వులు. ఆయన కూడా నవ్వేసి, "సమస్య మీద కాదమ్మా, పరిష్కారం మీద దృష్టి పెట్టాలి" అన్నాడు. ఆవిడ కూర్చుండిపోయింది. ఆవిడ అడిగినదే పరిష్కారమని ఆయనకి తట్టనేలేదు.

పెడన అనగానే బయటివాళ్ళకి కలంకారీ గుర్తొస్తుంది. కరక్కాయ, పటిక, బెల్లం పాకంలో ఇనప ముక్కలు నానబెట్టి తీసిన నలుపు, మంజిష్ఠ ఎరుపు, టేకు అచ్చులు: వీటి గురించి పుస్తకాలున్నాయి, ఎగ్జిబిషన్లున్నాయి. ఆ బట్టని మళ్ళీ మళ్ళీ పారే నీళ్ళలో ఉతకాలన్న సంగతి కూడా పుస్తకాల్లో ఉంటుంది. నీళ్ళలో గంటలకొద్దీ నిలబడి, తడిసి బరువెక్కిన బట్టని ఎత్తి గట్టుమీదకి చేర్చే నడుముల గురించి మాత్రం ఉండదు. మగ్గాల ఇళ్ళలో మరో తీరు. మగ్గం మీద కూర్చున్నవాడు నేతగాడు. రాట్నం దగ్గర కూర్చుని, వంటకీ పిల్లలకీ మధ్య అతని చేతికి కండెలు అందించే మనిషి 'కాస్త సాయం చేస్తుంది', అంతే.

అసలు ఈ పని మనస్తత్వశాస్త్రం ఎవరి మీద పుట్టిందో మన వక్తలు ఎప్పుడూ చెప్పరు. చికాగో దగ్గర హాథార్న్‌లో వెస్ట్రన్ ఎలక్ట్రిక్ ఫ్యాక్టరీ ఉండేది. 1927లో అక్కడ టెలిఫోన్ రిలేలు బిగించే కొద్దిమంది ఆడపిల్లల్ని విడిగా ఒక గదిలో కూర్చోబెట్టి ఏళ్ళ తరబడి గమనించారు. మధ్యలో విరామాలిచ్చారు, పనిగంటలు తగ్గించారు. ఉత్పత్తి పెరిగింది. దాంతో, మనిషికి కావలసింది డబ్బుకన్నా ఆదరణ, తనని ఎవరో పట్టించుకుంటున్నారన్న భావన అనే కథ పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. ఎల్టన్ మేయో పేరు మారుమోగింది. నేను కూడా పరీక్షల్లో ఆ ప్రశ్న ఇచ్చినదాన్నే.

కథలో దాచిన భాగాలు చూడండి. ఎక్కువ మాట్లాడుతున్నారనీ, సహకరించడం లేదనీ 1928 మొదట్లో ఇద్దరమ్మాయిల్ని ఆ గదిలోంచి తీసేసి వేరేవాళ్ళని తెచ్చారు. మజూరీ లెక్కగట్టే పద్ధతి మార్చారు: అంతకుముందు పెద్ద విభాగం మొత్తం ఉత్పత్తిని బట్టి కూలి వచ్చేది, ఈ గదిలో తమ చిన్న బృందం ఎంత చేస్తే దాన్నిబట్టి. అంటే చేసిన పనికి డబ్బు కళ్ళకి కనపడింది. 1967లో అలెక్స్ కేరీ ఈ సంగతులన్నీ బయటపెట్టి ఆ ప్రయోగాన్ని దుమ్ము దులిపాడు. 1974లో జోన్ ఆకర్, డొనాల్డ్ వాన్ హూటెన్ ఇంకో అడుగు ముందుకేశారు. అదే ఫ్యాక్టరీలో మగవాళ్ళ గదిని గమనించినప్పుడు వాళ్ళని వాళ్ళ మానాన వదిలారు. వాళ్ళు పని తగ్గించుకుంటే దానికి 'బృంద నియమం' అని గౌరవంగా పేరు పెట్టారు. ఆడపిల్లల్ని మాత్రం ఏరి, మగ అధికారుల కింద పెట్టి, మాట వినేవాళ్ళనే ఉంచుకున్నారు. ఈ తేడా ఆడా మగా తేడా అని చెప్పడానికి దాదాపు యాభై ఏళ్ళు పట్టింది. మన వక్తలకి ఇంకా అందలేదు.

శాస్త్రం అక్కడే ఆగిపోలేదు. తమిళనాడు చెరకు రైతుల మీద జరిగిన అధ్యయనం ఒకటి 2013లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. అదే రైతుకి కోతకి ముందు, చేతిలో డబ్బాడనప్పుడు ఒకసారి, కోత తర్వాత మరోసారి బుద్ధి పరీక్షలు పెట్టారు. కోతకి ముందు తక్కువ మార్కులు, తర్వాత ఎక్కువ. మనిషి మారలేదు, తెలివి పెరగలేదు, జేబు మారింది. చేతిలో డబ్బు లేకపోవడం బుర్రలో సగం చోటు తినేస్తుంది. ఒడిశాలో విస్తరాకులు కుట్టే కూలీల మీద జరిగిన ప్రయోగం ఇంకా సూటిగా ఉంటుంది. రావలసిన కూలిలో కొంత కొందరికి ముందుగా ఇచ్చారు. డబ్బు చేతికందిన వాళ్ళు, ముఖ్యంగా మరీ పేదవాళ్ళు, ఎక్కువ కుట్టారు, తప్పులు కూడా తగ్గాయి. వాళ్ళకి ఎవరూ ఏకాగ్రత పాఠాలు చెప్పలేదు. ఆ వెనక వరస ఆవిడ ప్రశ్నకి శాస్త్రం ఇచ్చిన జవాబు ఇదే.

పిల్లలకి చెప్పే కథలూ అంతే. మిఠాయి ముందుపెట్టి 'ఆగితే రెండిస్తాం' అంటే ఆగగలిగిన పిల్లలే జీవితంలో పైకొస్తారని స్టాన్‌ఫర్డ్ ప్రయోగాన్ని మా స్కూళ్ళలో తెగ చెప్తున్నారు. 2018లో ఎక్కువమంది పిల్లలతో దాన్ని మళ్ళీ పరిశీలించి, ఇంటి పరిస్థితుల్ని లెక్కలోకి తీసుకుంటే ఆ సంబంధం చాలావరకు కరిగిపోయింది. బడికి ముందు రాట్నం తిప్పొచ్చి క్లాసులో కునుకుతీసే పిల్లకి నిగ్రహం లేదని ఎలా అంటాం?

మన దగ్గరే గొప్ప ఉదాహరణ ఉంది. ఆలేరు దగ్గర చింతకింది మల్లేశం తల్లి చీరకి ఆసు పోసేది. ఒక్క చీరకి చెయ్యి వేలసార్లు అటూ ఇటూ తిప్పాలి, భుజాలు పడిపోయేవి. ఆ కొడుకు తల్లికి ఓర్పు నేర్పలేదు. ఆసు యంత్రం చేశాడు, దానికి అమ్మ పేరు పెట్టాడు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. పని హాయిగా ఉండాలంటే మార్చాల్సింది ఏమిటో ఏ డిగ్రీ లేకుండానే అతనికి తెలిసింది.

ఇక లెక్కల మాట. 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో నేసేవాళ్ళలో 72 శాతం ఆడవాళ్ళు. ఈశాన్య రాష్ట్రాల వల్ల ఆ అంకె అంత పెద్దదైంది. మా వైపు మగ్గం పేరు మగవాడిదే. నేతన్న నేస్తం కింద సొంత మగ్గమున్న కుటుంబానికి ఏడాదికి 24 వేలు ఇచ్చేవారు. నాలుగో విడత డబ్బు 2022 ఆగస్టు 25న మా పెడన సభలోనే విడుదల చేశారు. సంతోషమే. కానీ సొంత మగ్గం లేకుండా కూలికి కండెలు చుట్టే ఆవిడా, అద్దకం షెడ్డుకెళ్ళే ఆవిడా ఆ లెక్కలోకి రాలేదు. కార్మికురాలని గుర్తించని మనిషికి పని ఒత్తిడి తగ్గించుకోమని చెప్పడం ఎంత విడ్డూరం!

అదే ఏడాది ఫిబ్రవరిలో మా ఊళ్ళో ఒక చేనేత కుటుంబంలో ముగ్గురు ప్రాణాలు తీసుకున్నారు. అప్పుల సంగతి పత్రికలు రాశాయి. ఆ తర్వాత 'మనోధైర్యం లేకపోబట్టి' అన్నమాట ఎంతమంది నోట విన్నానో. మనసు జబ్బులు లేవని నేననడం లేదు. దిగులుతో మంచం పట్టిన మనిషికి డాక్టరు కావాలి, మందు కావాలి. 2017 చట్టం ఆ వైద్యాన్ని హక్కుగా ఇచ్చింది. 2022 అక్టోబరు నుంచి టెలీ మానస్ నంబరు 14416 ఉంది, దాన్ని ప్రతి షెడ్డు గోడమీదా రాయాలి. అయితే రోగికి వైద్యం ఇవ్వడం వేరు, కూలి అడిగే మనిషిని రోగిగా చూడడం వేరు. రెండోదాన్ని సైకాలజీ అంటే ఊరుకోను.

నిద్ర సంగతి కూడా చెప్పాలి. చెన్నైలో డేటా ఎంట్రీ పనివాళ్ళ మీద చేసిన అధ్యయనం 2021లో వచ్చింది. రాత్రిళ్ళు ఇంట్లో మరో అరగంట పడుకునేలా చేస్తే పెద్ద ఫలితం కనబడలేదు. ఇరుకు, ఉక్క, దోమలు, చప్పుడు, నిద్ర ముక్కలైపోతుంది. పనిచోట మధ్యాహ్నం కాసేపు పడుకోనిస్తే మాత్రం పనీ మెరుగైంది, మనసూ బాగుంది. మా షెడ్లలో ఆడవాళ్ళు నడుం వాల్చడానికి చోటెక్కడ? చాలాచోట్ల చాటున కూర్చోవడానికి మరుగుదొడ్డే లేదు.

ఇదంతా చెప్తే షావుకార్లు ఒక మాటంటారు: "మాకు రావలసినవి పట్నం కొట్లవాళ్ళు నెలలు ఆపుతున్నారు, మేమెక్కణ్ణుంచి తెచ్చివ్వం?" అబద్ధం కాదు. కానీ చిన్న ఉత్పత్తిదారుకి బాకీని 45 రోజుల్లోపు తీర్చాలని 2006 నుంచీ చట్టముంది, దాన్ని పట్టుకుని అడగడానికి ఆయన దగ్గర బిల్లులున్నాయి. ఇంటి వసారాలో కండె చుట్టే ఆవిడ దగ్గర ఏ కాగితమూ లేదు. ఏ వారం ఎన్ని చుట్టిందో రాసిన చిట్టా కూడా షావుకారింట్లోనే ఉంటుంది.