విత్తన వడ్లకు 17 శాతం లెక్క పనికిరాదు

మన బాన్సువాడ వైపు కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం లోపుంటే వడ్లు కాంటా పెడతరు. అది మిల్లుకు పోయే వడ్ల లెక్క. దేశీ విత్తనం దాచుకునేటోళ్లకు అది చాలదు.

విత్తన ధ్రువీకరణ ప్రమాణాల ప్రకారం వరి విత్తనంలో తేమ మామూలు సంచికైతే 13 శాతం, గాలి చొరని డబ్బాకైతే 8 శాతం దాటొద్దు. సంచిలో గాలి ఆడుతది. బిగించిన డబ్బాలో తేమ బయటికి పోదు, మొలక శాతం పడిపోతది.

పొడి సీసాలో వడ్లు, పొడి ఉప్పు వేసి ఊపండి. ఉప్పు గాజుకు అంటుకుంటే తేమ 15 శాతం పైనే. అంటుకోలేదని మూత బిగించొద్దు, మీటర్‌తో చూసుకోవాలె.

నా మాటైతే, 8 శాతానికి ఎండబెట్టలేనప్పుడు డబ్బా కన్నా సంచే మేలు. ఉప్పు పరీక్ష ఎట్ల చేయాలో కింది వీడియోలో చూడండి.